తిండి కాకుండా ఏం తిన్నవ్?

ఐర్లండులో మేముండే పోర్ట్‌లీష్‌లో మన సామాన్లు అమ్మే కొట్టు ఒకటుంది. పోయిన నెలలో అక్కడ చింతపండు పొట్లాల మీద తేదీలు చూసుకుంటూ నిలబడి ఉంటే, ఆస్పత్రిలో నర్సుగా చేసే మన అమ్మాయి ఒకతె పక్కకొచ్చి, "ఆంటీ, మీకు తెలిసిందా? మత్తు డాక్టరమ్మ పోయారంట. నిద్రలోనే" అంది. ఏ డాక్టరమ్మ అని నేను అడగలేదు. పొట్లం మళ్ళీ అరలో పెట్టేసి, కొనాల్సినవి కొనకుండానే బయటికొచ్చాను. ఇంటికి రెండు వీధుల దూరమే. ఆ రోజు చాలాసేపు పట్టింది.

ఆవిడ పేరు రాయను. బతికుండగా ఎవరన్నా పదిమందిలో పొగడబోతే, "ఇగ చాలు తియ్, నాకు పనున్నది" అని వెళ్ళిపోయేది. పోయాక మాత్రం ఆవిణ్ణి ఎందుకు ఇబ్బంది పెట్టడం.

పొట్టి మనిషి. చేతులు వెనక్కి కట్టుకుని, తల ముందుకి పెట్టి, ఎదురుగాలిలో నడుస్తున్నట్టు నడిచేది. ఎక్కడా కూర్చునేది కాదు. కుర్చీ చూపిస్తే దాని వీపు పట్టుకుని నిలబడేది. "అందర్ని పండవెట్టేదాన్ని, నేనే కూసుంటే ఎట్ల" అనేది. తెల్లకోటు జేబులో ఎప్పుడూ ఒక జత ఉన్ని మేజోళ్ళుండేవి. ఆపరేషను గదిలో చలి. మనవాళ్ళకి ముందు పాదాలే చల్లబడతాయని, గదిలోకి తీసుకెళ్ళే ముందు తన చేత్తోనే తొడిగేది. ఇక్కడివాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడినా వరంగల్లు వినిపించేది. వాళ్ళకీ అది అలవాటైపోయింది.

మా ఆయన వంటమాస్టారు. ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచి ఒకటే హోటల్లో పని. రెండేళ్ళపాటు దగ్గుతూనే ఉన్నాడు. మేమేమో తాలింపు పొగ అనుకున్నాం. వంటవాడు దగ్గడం, కంసాలి చెయ్యి కాలడం ఒకటేనని ఆయనే నవ్వేవాడు. రాత్రి పడుకుంటే కుడివైపు నుంచి సన్నగా పిల్లికూతలు. ఊళ్ళో డాక్టరు ఉబ్బసమని పీల్చుకునే పంపు ఇచ్చాడు. నేను మిరియాల కషాయం పెట్టాను. రెండుసార్లు నిమ్ము చేసింది, రెండుసార్లూ అదే చోట. బీడీ, సిగరెట్టు ఆయన చేత్తో ముట్టిన మనిషి కాదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే సింకులో ఎర్రగా దారప్పోగు లాంటిది కనపడింది. అప్పుడు డబ్లిన్ పంపారు. గొంతులోంచి సన్న గొట్టం, దాని చివర కెమెరా. కుడి ఊపిరితిత్తికి గాలి వెళ్ళే దారిలో, పండిన రేగుపండంత ఎర్రటి గడ్డ, నున్నగా, కదలకుండా కూర్చుని ఉంది. ఆ బొమ్మ నేనూ చూశాను. అంత నున్నటి వస్తువు చెడ్డదంటే నమ్మబుద్ధి కాలేదు.

దాని పేరు కార్సినాయిడ్ అన్నారు. అప్పటికి మా అమ్మాయికి పదహారేళ్ళు. ఫోనులో చదివి, "అమ్మా, ఇట్స్ లైక్ క్యాన్సర్, బట్ నాట్ రియల్లీ. నాన్నా విల్ బి గ్రాండ్" అంది. నాకు ఆ మాటే కావాలి. ఆ మాటే పట్టుకుని తిరిగాను.

ఆపరేషనుకి ముందు పరీక్షలు చేసే రోజున మొదటిసారి ఆవిణ్ణి చూశాను. మా పేర్లు చూసి, "తెలుగేనా?" అంది. ప్రాణం లేచొచ్చి, "క్యాన్సర్ కాదంట కదా మేడమ్, దానిలాంటిదంట" అన్నాను.

"క్యాన్సరే చెల్లె" అంది ఆవిడ. "మెల్లగ నడిచే రకం. తొందరపడి పాకదు. మొత్తం కోసి తీసేస్తే మంచిగైతరు శానామంది. కానీ పేరు మార్చి ధైర్యం తెచ్చుకోకు. ఆ ధైర్యం నిలవదు."

మా ఆయన అడిగింది ఒకటే. "నేను పొయ్యి ముందు నిలబడగలనా మేడమ్?"

ఆవిడ "లే తమ్మీ, నడువు" అని మెట్ల దగ్గరకి తీసుకెళ్ళింది. ఇద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు. చేపల పులుసులో చింతపండు ఎప్పుడు పోస్తావు, బెండకాయ జిగురు ఎట్లా పోతుంది అని వరుసగా అడుగుతోంది, ఆయన రొప్పుకుంటూ చెబుతున్నాడు. నేను కింద నిలబడి ఆ మాటలు పైకి పోవడం వింటున్నాను. మూడో అంతస్తు దగ్గర ఆయన మాట ఆగిపోయింది. కిందికొచ్చాక ఆవిడ అంది, "రెండంతస్తులు మాట్లాడుకుంట ఎక్కినవ్. గా గడ్డ అడ్డమున్నా గింత ఎక్కినవంటే, తీసినంక నిలబడ్తవ్. అయితే ఒకటి. పైభాగం తీసి, గాలిగొట్టం ముక్క కోసి, మిగిలినదాన్ని మళ్ళ కుట్టాలని పెద్దడాక్టరు ఆలోచన. కుట్టు కుదరకపోతే కుడిదంతా పోతది. లోపలికి పోయినంకనే తెలుస్తది. రాత్రి పన్నెండు తర్వాత ఏం తినొద్దు." "సరే మేడమ్" అన్నాం ఇద్దరం. అందులో తెలియనిదేముంది.

ఆపరేషనుకి ఇచ్చిన మొదటి తారీఖు చివరి నిమిషంలో తప్పిపోయింది. ఆపరేషను తర్వాత ఉంచాల్సిన చోట మంచం ఖాళీ లేదని గౌను విప్పించి ఇంటికి పంపేశారు. ఆ రోజు కారులో ఆయన ఏడ్చాడు. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో అది నేను చూడనిది. రెండో తారీఖు ఇస్తూ, ఇది కూడా తప్పితే మళ్ళీ ఎప్పుడో చెప్పలేమన్నారు.

ఆ రెండో తారీఖు పొద్దున్న అయిదున్నరకి బయలుదేరుతున్నాం. తోటి వంటాయన కారు తెచ్చి బయట నిలబెట్టాడు. మా ఆడపడుచు కొండకి నడిచివెళ్ళి, తమ్ముడి కోసం మొక్కుకుని పంపిన లడ్డూ ప్రెస్‌లో ఉంది. వంటింటి అలమరని ఇక్కడ ప్రెస్ అంటారు, మాకూ అదే నోటికొచ్చేసింది. డబ్బా తీసి, ఉసిరికాయంత ముక్క తుంచి, కళ్ళకద్దుకుని ఆయన నోటి దగ్గర పెట్టాను.

"ఏమీ తినొద్దన్నారుగా" అన్నాడు.

"ఇది తిండేమిటండీ? ప్రసాదం."

"అదీ నిజమే" అని నోరు తెరిచాడు. జీడిపప్పు నమిలిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

ఆస్పత్రిలో నర్సు వచ్చి చివరిసారి ఎప్పుడు తిన్నావని అడిగింది. రాత్రి తొమ్మిదింటికని చెప్పాడు. రాసుకుంది. మరొకామె వచ్చి అదే అడిగింది, అదే చెప్పాడు. పెద్దడాక్టరు పొడుగ్గా, గబగబా వచ్చి, కుడి ఛాతీ మీద నల్లగా గుర్తు గీసి వెళ్ళాడు. మాదే మొదటి ఆపరేషను. తర్వాత డాక్టరమ్మ వచ్చింది, చేతులు వెనక్కి కట్టుకుని.

"ఎప్పుడు తిన్నవ్ తమ్మీ?"

"రాత్రి తొమ్మిదికండి. పెరుగన్నం."

"మంచిది. తిండి కాకుండా ఏం తిన్నవ్?"

ఆయనకి అర్థం కాలేదు. "అంటేనండీ?"

"గదే. మనం తిండి అనుకోనివి. తీర్థం, ప్రసాదం, వక్కపలుకు, అల్లం ముక్క. దేవునిది, మందుది, ఊరికెనే నోట్లె ఏసుకునేది."

"ఏమీ లేదండి" అన్నాడు వెంటనే.

ఆవిడ ఆయన్ని చూడటం లేదు. అడిగింది ఆయన్ని, చూస్తున్నది నన్ను. దుప్పటి కింద ఆయన చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగానంటే గాజు విరుగుతుందేమో అనిపించింది. నోరు మూసుకో అని ఆ పట్టుకి అర్థం. చెబితే తారీఖు పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. నిజంగానే తెలియదు. ప్రసాదం వల్ల మనిషికి చెడు జరుగుతుందని ఎవరనుకుంటారు. కానీ తెలిసీ తెలియని మనిషిని ఒక డాక్టరు అంతసేపు ఎందుకు చూస్తుంది. ఆవిడ రెట్టించలేదు, బెదిరించలేదు, చేతిలో కాగితం కూడా లేదు. నిలబడి ఉందంతే. తొందరేమీ లేనట్టు.

"పొద్దున్న అయిదున్నరకి" అన్నాను. "లడ్డూ ముక్క. ఉసిరికాయంత. నేనే పెట్టాను."

ఆయన చెయ్యి నా మణికట్టు వదిలేసింది.

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. ఆయన వైపు వంగి, మెల్లగా, ఒక్కొక్క మాట విడిగా చెప్పింది. "మత్తుల గొంతుకు కాపలా ఉండదు తమ్మీ. కడుపులది పైకొస్తది, ఊపిరితిత్తులల్ల పడ్తది. ఇయ్యాల నీ కుడిదాన్ని ఆపేసి, ఒక్క ఎడమదాని మీద నిన్ను నడిపించాలె నేను. గా ఒక్కదాంట్ల లడ్డూ పడితే ఇగ నా దగ్గర ఏం మిగలదు." తర్వాత నా వైపు తిరిగి, "ఆరు గంటలు ఆగాలె, పదకొండున్నర దాటాలె. ఉండు, మాట్లాడొస్త" అని తెర తోసుకుని వెళ్ళిపోయింది.

తెర అవతల పెద్దడాక్టరు గొంతు వినపడింది. నాకొచ్చిన ఇంగ్లీషు తక్కువ. ఆయన "నో" అనడం నాలుగుసార్లు లెక్కపెట్టాను. ఆవిడ "నో" అనడం అయిదుసార్లు. పెద్ద ఆపరేషను ముందు, చిన్నది తర్వాత, అది ఆయన పద్ధతి. తారుమారు చేస్తే సాయంత్రం దాటుతుంది, ఇక్కడి నర్సులు ఇళ్ళకి పోవాలి. ఆఖరికి ఏం తేల్చారో ఆవిడే వచ్చి చెప్పింది: వరసలో రెండోవాణ్ణి ముందు తీసుకుంటారు. అతని పని ఒంటిగంటలోపు అయిపోతే మాది మొదలు. ఒంటిగంట దాటితే ఇంటికి.

ఆ రెండోవాడు మా పక్క మంచం మీదే ఉన్నాడు. కాజిల్‌బార్ వైపు గొర్రెలు మేపుకునే ముసలాయన. డాక్టరమ్మ అతని మంచం పట్టుకుని ఏదో చెప్పింది. అతను తల వంచి మా వైపు చూశాడు. చక్రాల మంచం మీద తోసుకుపోతుంటే దుప్పట్లోంచి చెయ్యి తీసి, "యూ ఆర్ గ్రాండ్, మిసెస్" అన్నాడు, ఏం పర్లేదులే అన్నట్టు. మాకు తెలియని మనిషి. అతని వేగం మీద మా బతుకు ఆధారపడింది.

మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ఏమండీ" అన్నాను. గంట తర్వాత మళ్ళీ అన్నాను. "నీ నోటికి తాళం ఉండదని మా అమ్మ ఊరికే అనలేదు" అన్నాడు గోడతో. పదిన్నర అయింది. పదకొండున్నర అయింది. లడ్డూ గడువు తీరింది కానీ ముసలాయన బయటికి రాలేదు. పన్నెండుంపావుకి ఒక నర్సు వచ్చి మా ఆయన సంచీ సర్ది కుర్చీలో పెట్టింది. ఇంటికి పంపడానికో, ఆపరేషనుకి తీసుకెళ్ళడానికో తెలియలేదు. మా అమ్మాయి స్కూలు నుంచి మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ ఫోను చేతిలోనే మోగి ఆగిపోయింది.

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా ఇద్దరొచ్చి మంచం బ్రేకు తీశారు.

ఆపరేషను గది తలుపు దాకా వెంట వెళ్ళనిచ్చారు. డాక్టరమ్మ అక్కడ ఉంది, జేబులోంచి మేజోళ్ళు తీసి ఆయన పాదాలకి తొడుగుతోంది. నేను ఆయన తల దగ్గర నిలబడ్డాను. ఒక్కసారి చూస్తాడేమోనని. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్ర కాదు, నాకు తెలుసు, రెప్పలు కదులుతున్నాయి. తలుపు మూసుకుంది.

ఆ తర్వాతి గంటలు ఎలా గడిచాయో రాయడం నాకు చేతకాదు. ఆయన ఇక లేవకపోతే, మా ఇద్దరి మధ్య మిగిలేది ఆ మూసిన కళ్ళే కదా అని ఒకటే ఆలోచన. చెప్పడం తప్పా, పెట్టడం తప్పా అని అటూ ఇటూ కొట్టుకున్నాను. చెప్పకుండా ఉంటే ఈపాటికి మొదటి ఆపరేషనే అయిపోయి హాయిగా ఉండేవాళ్ళమేమో అని కూడా అనుకున్నాను. మనసు అంత పాడుది.

అయిదున్నర దాటాక ఆవిడ వచ్చింది. నుదుటి మీద టోపీ అంచు పడిన గీత ఎర్రగా ఉంది.

"ఊపిరితిత్తి మిగిలింది" అంది నిలబడే. "పైభాగం పోయింది. గొట్టం కోసి కుట్టిన్రు, కుట్టు మంచిగ పట్టింది. కింది రెండు భాగాలు గాలి నింపుకునుడు నా కండ్లతోటి చూసిన. చుట్టుపక్కల గ్రంథులు గూడ తీసి పరీక్షకు పంపిన్రు. దాని సంగతి రెండు వారాలైతది. నడువు, లేచిండు."

లోపల పక్కటెముకల్లోంచి గొట్టం, ముక్కుకి గొట్టం, చేతికి సూదులు. ఆయన కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. పెదాలు కదిపాడు. చెవి దగ్గరగా పెట్టాను.

"ఇంకేమన్నా చెప్పావా వాళ్ళకి?" అన్నాడు.

"పెరుగన్నంలో ఆవకాయ కూడా కలుపుకున్నారని చెప్పాను."

నవ్వబోయాడు. పక్కన గొట్టం లాగి, అబ్బా అని ముఖం చిట్లించాడు. నర్సు నన్ను బయటికి పొమ్మంది. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. "నీ వల్లనే కుట్లు ఊడేటట్టున్నయి, రా" అని నా భుజం పట్టుకుని తీసుకొచ్చేసింది.

రెండు వారాల తర్వాత ఫలితానికి వెళ్ళాం. పెద్దడాక్టరు కాగితం చదివి, నెమ్మదైన రకమే, కోసిన అంచులు శుభ్రంగా ఉన్నాయి, గ్రంథుల్లో ఏమీ లేదు అన్నాడు. మా ఆయన బయటికెళ్ళి అమ్మాయికి ఫోను చేసి గట్టిగా మాట్లాడుతున్నాడు, ఆ ఊపిరితోనే. డాక్టరమ్మకి ఆ రోజు మాతో పనేమీ లేదు. అయినా కారిడార్లోకి వచ్చి, కిటికీ గట్టు మీద టిఫిను డబ్బా పెట్టుకుని నిలబడి తింటోంది.

"ఎన్నేళ్ళు మేడమ్?" అన్నాను. ఆ మాట రెండు వారాలుగా నా నాలుక మీదే ఉంది.

"ఏండ్లు నన్ను అడగకు చెల్లె. ఎవ్వరు చెప్పినా నమ్మకు గూడ. గీ రకమొచ్చి, గ్రంథులకు పాకకుండ, మొత్తం తీసేసుకున్నోళ్ళల్ల ఎక్కువమంది దీంతోని పోరు. ముసలోళ్ళై ఇంకేదో తోని పోతరు. కానీ మెల్లగ పెరిగేది మెల్లగనే మళ్ళ రావొచ్చు, పదేండ్లకైనా. స్కాన్ ఎన్నడు రమ్మంటే అన్నడు పోవాలె. మంచిగనే ఉన్న కదా అని మానేస్తరు సూడు, గా మంచిగున్నోళ్ళతోనే నాకు భయం."

ఇన్నేళ్ళలో ఆయన ఒక్క స్కానూ మానలేదు. నేను మాననివ్వలేదు. ఆరు అయ్యాయి, ఆరూ శుభ్రం. హోటల్లో రోజంతా నిలబడలేడు, ముసలివాళ్ళలా మధ్యలో స్టూలు వేసుకుంటాడు, అంతే.

ఆ రోజు కిటికీ దగ్గర ఇంకొకటి అడిగాను. "అంతమంది అడిగారు. అందరూ ఆయన్నే చూశారు. మీరొక్కరే నన్నెందుకు చూశారు?"

ఆవిడ చెంచాతో అన్నం కలిపింది.

"వరంగల్ల కొత్తగ పని చేస్తున్న. ఒక అవ్వ వచ్చింది, కడుపుల గడ్డ. ఏమన్న తిన్నవా అవ్వా అన్న. లేదు బిడ్డా అన్నది. ఆమె అబద్ధం చెప్పలే. గుళ్ళె పూజారి ఇచ్చిన అరటిపండు తిన్నది, తీర్థం తాగింది. ఆమె లెక్కల అది తిండెట్లయితది? అడుగుడు నాకు రాలే. మత్తు ఇచ్చిన." చెంచా డబ్బాలో పెట్టేసింది. "మూడు దినాలు ఉన్నది."

"పక్కన ఎవరూ లేరా?"

"కోడలుండె. నీ అంత ఉంటది. పండు ఒలిచి పెట్టింది ఆమెనే. నేను అవ్వను అడుగుతున్నంతసేపు నా మొకమే చూస్తున్నది. నోరు గూడ తెరిచింది. నేను చూసిన. చూసి, కాగితం రాసుకుంట పోయిన."

కిటికీ గట్టు మీదున్న డబ్బా మూత ఆవిడ వైపు జరిపాను.

"శవాన్ని తీసుకపోయేనాడు ఆ పిల్ల వచ్చి నా ముంగట నిలబడ్డది. ఏదో అడుగుదామని. పండు వల్లనేనా అని అడుగుతదని నాకు తెలుసు. నేను లోపలికి పోయి తలుపు ఏసుకున్న." డబ్బా మూత బిగించింది. "తర్వాత ఎతికిన. ఊరు పేరు రాసుకోలే."

ఆవిడ జేబులో ఆస్పత్రివాళ్ళు పిలవడానికిచ్చిన పరికరం చప్పుడు చేసింది. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని, తల ముందుకి పెట్టి, కారిడార్ చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగింది.

ఇప్పుడు ఆవిడ లేదు. ఆ కోడలు ఎక్కడో ఉండే ఉంటుంది. నాకంటే పెద్దదై ఉంటుంది, తనకీ కోడళ్ళు వచ్చి ఉంటారు. తన చేత్తో ఒలిచిపెట్టిన పండు సంగతి ఇంట్లో ఎవరితోనూ అని ఉండదు. ఆ రోజు తను నోరు తెరవడం ఒకరు చూశారనీ, చూసినందుకు బతికినన్నాళ్ళూ ప్రతి మంచం పక్కన ఉన్నవాళ్ళ ముఖం వైపు తిరిగారనీ ఆమెకి చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. నాకా ఊరు తెలియదు.